బాపు లుంగీ ఎగగట్టినంకనే కినెక్ట్‌కు కాళ్లు కనిపించాయి!

2010లో వచ్చిన గ్యాడ్జెట్‌కి ఇప్పుడు రివ్యూ ఏంటి అనుకుంటున్నారా? మూడు నెలలుగా గొల్లపల్లిలో మా ఇంటి హాల్లో రోజూ సాయంత్రం చెమటలు పట్టిస్తున్నది ఇదే మరి. సెకండ్ హ్యాండ్ ఎక్స్‌బాక్స్ 360, టీవీ కింద దాని కినెక్ట్ కెమెరా.

కొన్నది బాపు కోసం. ఇరవై ఏళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చాడు, వచ్చిన ఏడాదికే షుగర్ బయటపడింది. రోజూ అరగంట నడవమన్నాడు డాక్టర్. పొద్దున చీకట్లో పోతే కుక్కలు, కాస్త ఆలస్యమైతే ఎండ. జగిత్యాల ఎండ సంగతి తెలిసినోళ్లకు చెప్పక్కర్లేదు. రెండు వారాల్లోనే వాకింగ్ బూట్లు మంచం కిందికి చేరాయి. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్న నా పొట్ట గురించి అడగకండి.

మొదట ఖర్చు లేకుండా చూద్దామని జస్ట్ డ్యాన్స్ నౌ పెట్టాను. పాట టీవీలో వస్తుంది, కుడిచేతిలో పట్టుకున్న ఫోనే కంట్రోలర్. ఫోన్‌లోని మోషన్ సెన్సార్ మన స్టెప్పులను లెక్కేస్తుంది. చిక్కేంటంటే దానికి తెలిసేది ఆ ఒక్క చెయ్యే. రెండో రోజుకే బాపు కుర్చీలో కూర్చుని చెయ్యి ఊపుతూ నాకంటే ఎక్కువ స్కోర్ కొట్టాడు! 2006 నాటి నింటెండో వీలోనూ ఇదే కిటుకు ఉండేది. సోఫాలో కూర్చుని మణికట్టు తిప్పినా టెన్నిస్ గెలిచేయొచ్చు. నిజంగా ఊగిపోయి ఆడినవాళ్ల చేతుల్లోంచి రిమోట్లు ఎగిరిపోతుంటే, పట్టీలు మార్చి ఇస్తామని కంపెనీయే ప్రకటించాల్సి వచ్చింది.

కినెక్ట్ దగ్గర ఆ ఆటలు సాగవు. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ చుక్కలను గదంతా చల్లి, అవి ఎక్కడ ఎంత జరిగాయో చూసి ఎవరు ఎంత దూరంలో ఉన్నారో లెక్కగడుతుంది. తల నుంచి పాదాల దాకా ఒంట్లో 20 చోట్లను సెకనుకు 30 సార్లు పట్టుకుంటుంది. చేతిలో ఏమీ ఉండదు, నొక్కాల్సిన బటన్ లేదు. బాపు లాంటి వాళ్లకు ఇదే పెద్ద ప్లస్.

మొదటి రోజు దానికదే తల పైకీ కిందికీ ఆడించేసరికి (లోపల చిన్న మోటార్ ఉంటుంది) అవ్వ జడుసుకుంది. బాపు నిలబడ్డాడు. చేతులు కదిలిస్తే తెర మీది బొమ్మ కదిలింది, కాళ్లు మాత్రం ఎక్కడివక్కడే. "గిది ఖరాబైంది కొన్నవారా?" అన్నాడు. ఖరాబేం కాదు, లుంగీ! రెండు కాళ్లూ ఒకే గుడ్డలో ఉంటే మోకాలు ఎక్కడుందో దానికి అర్థం కాదు. బాపు లుంగీ ఎగగట్టి మళ్లీ నిలబడగానే తెర మీద పరుగు షురూ.

ఇంకో తిప్పలు ఎండ. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి పడమటి తలుపు తెరిస్తే మనుషులను గుర్తుపట్టదు. తలుపు మూసి, ఒక్కరైతే ఆరడుగులు, ఇద్దరైతే ఎనిమిది అడుగుల దూరంలో నిలబడాలి. మేం టీపాయ్‌ని వరండాలోకి పంపేశాం.

ఇక వ్యాయామం. కినెక్ట్ స్పోర్ట్స్‌లో బాక్సింగ్ పది నిమిషాలు ఆడితే నా బ్యాండ్‌లో గుండె వేగం 78 నుంచి 131కి పోయింది. చెయ్యి అంత జోరుగా కదిలేటప్పుడు మణికట్టు బ్యాండ్‌ను పూర్తిగా నమ్మొద్దు కానీ, ఆయాసం మాత్రం నిజమే. వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని చెప్పమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. బౌలింగ్‌ను ఆ లెక్కలో వెయ్యకండి, అది ఉత్త సరదా. బాపు మోకాళ్లకు గెంతే ఆటలు పడవు, వాటిని తీసేశాం.

కొనాలనుకుంటే ఒక్క మాట. స్లిమ్ మోడల్ 360కి కినెక్ట్ నేరుగా తగులుతుంది, పాత లావు మోడల్‌కి వేరే పవర్ అడాప్టర్ కావాలి. ఆన్‌లైన్ స్టోర్ 2024 జులైలో మూసేశారు కాబట్టి డిస్కులతో సహా కొనండి. నాకు అమ్మినాయన అడాప్టర్ సంగతి చెప్పనే లేదు, దానికోసం పది రోజులు తిరిగాను. కొత్తదే కావాలంటే స్విచ్‌లో రింగ్ ఫిట్ అడ్వెంచర్ బాగుంటుంది, కాకపోతే ఖర్చెక్కువ.

ఇంత మంచిది ఎందుకు పోయింది? 2014లో, మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సీఈఓ అయిన ఏడాదే, కినెక్ట్ లేని ఎక్స్‌బాక్స్ వన్ 100 డాలర్లు తక్కువకు వచ్చింది. 2017లో తయారీయే ఆపేశారు. కానీ మొదటి కినెక్ట్ వెనకున్న ప్రైమ్‌సెన్స్‌ను ఆపిల్ 2013లోనే కొనేసింది. ఐఫోన్ నాచ్‌లో మీ ముఖాన్ని గుర్తుపట్టేదీ అలాంటి చుక్కలే.

నా చిన్నప్పుడు బాపు రెండేళ్లకోసారి రెండు నెలలు వచ్చిపోయేవాడు. ఇద్దరం కలిసి ఆడిన ఆట ఒక్కటీ గుర్తులేదు. ఇప్పుడు ఆరున్నర కాగానే లాప్‌టాప్ పక్కకొచ్చి నిలబడతాడు, "ఐపోయిందారా నీ ఆఫీసు?" అంటూ. అప్పటికే లుంగీ ఎగగట్టి ఉంటుంది.