నీళ్లు ఇంట్లోకొస్తే ముందు ఏది ఆపాలి?

మా మధిరలో సెల్లార్ ఉన్న ఇళ్లు తక్కువ. కానీ చాలా ఇళ్ల ముందు నేల కింద ఓ చిన్న గది ఉంటుంది. మనం దాన్ని గదిగా లెక్కెయ్యం. అదే సంపు. దాని పక్కన మోటర్, ఆ పైన గోడకి స్టార్టర్ బోర్డు. నీళ్లు, కరెంటు అంత దగ్గరగా ఉండే చోటు ఇంట్లో ఇంకోటి లేదు.

2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మునేరు 36 అడుగుల దాకా పెరిగి బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్ లాంటి చోట్ల ఇళ్లను ముంచేసింది. అదే రోజు విజయవాడలో బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. ఈ రెండు ఊళ్ల మధ్య రైలు దారిలోనే మధిర ఉంది. వైరా ఏరు మా ఊరి పక్కనుంచే పోతుంది. నాలాంటి వాళ్లం హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ ముందు ఉంటాం, అమ్మానాన్న ఊళ్లో ఉంటారు. పైపు పగిలినా, వరదొచ్చినా మొదటి పది నిమిషాలు వాళ్లవే. ఆ పది నిమిషాల్లో ఏం చెయ్యాలో ముందే తెలిసుంటే సగం నష్టం తప్పుతుంది. ఒక్కోసారి ప్రాణమే దక్కుతుంది.

చుక్కని కొలవండి

లీకు చిన్నదా పెద్దదా అని కంటితో చెప్పలేం. కారే నల్లా కింద లీటరు సీసా పెట్టండి. గంటలో నిండితే రోజుకి 24 లీటర్లు, నెలకి 720 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకులో ముప్పావు వంతుకి దగ్గర. అన్ని నీళ్లు పైకెక్కించిన కరెంటు బిల్లూ మీదే.

కనపడని లీకుకి ఇంకో పద్ధతి ఉంది. రాత్రి అందరూ పడుకునే ముందు మోటర్, నల్లాలు అన్నీ కట్టేసి, ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లు ఎక్కడున్నాయో ఓ కర్రతో కొలిచి గుర్తు పెట్టండి. పొద్దున్నే మళ్లీ కొలవండి. తగ్గితే లీకు ఉన్నట్టే. మర్నాడు రాత్రి ట్యాంకు కిందున్న గేట్ వాల్వ్ కూడా కట్టేసి చూడండి. అప్పుడూ తగ్గితే తప్పు ట్యాంకుది లేదా ఆ వాల్వ్‌ది. తగ్గకపోతే ఇంట్లోకెళ్లే పైపులదీ, ఫ్లష్ ట్యాంకుదీ. మేం కోడ్‌లో బగ్ వెతికేదీ ఇలాగే. సగం ఆపేసి, మిగతా సగంలో చూస్తాం.

ఫ్లష్ ట్యాంకు మీద అనుమానం ఉంటే అందులో కొంచెం మిఠాయి రంగు కలపండి. అరగంట ఎవరూ ఫ్లష్ నొక్కకూడదు. ఈలోపు కమోడ్‌లో రంగు కనిపిస్తే లోపలి రబ్బరు వాషర్ పోయినట్టే. ఇది ప్లంబర్‌కి చిన్న పనే, పెద్ద ఖర్చేం కాదు.

నల్లరేగడి మీద ఇల్లు

మా వైపు నల్లరేగడి ఎక్కువ. పత్తి చేలో ఎండాకాలం కాలు దిగేంత బీటలు చూసే ఉంటారు. ఆ నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దాంతోపాటు పునాదీ, నేలలో వేసిన పైపుల జాయింట్లూ కదులుతాయి. సంపు పక్కన పైపు కారుతూ ఉంటే ఒకవైపు నేల ఎప్పుడూ తడిగా, ఇంకోవైపు పొడిగా ఉంటుంది. గోడమీద ఏటవాలుగా చీలిక రావడానికి ఇదో కారణం.

అందుకే గోడ అడుగున చెమ్మ ఎక్కినా, తెల్లగా ఉప్పు పూసి పెయింట్ పెచ్చులూడినా వెంటనే రంగు వేయించకండి. ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టాలి. రంగు చెమ్మని దాస్తుంది, ఆపదు. డాబా మీద వాన నీళ్లు దిగే పైపు నేరుగా పునాది పక్కనే పడుతుంటే, దాన్ని కొంచెం దూరంగా కాలువలోకి మళ్లించండి.

కింద నుంచి వచ్చే నీళ్లు

వీధిలో సీసీ రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే, ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లిన ఇల్లు ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లే ఇల్లవుతుంది. వాన నీళ్లు గేటు దాటి సంపు మూత మీదుగా లోపలికి పోతాయి. మూత చుట్టూ ఓ అడుగు ఎత్తు సిమెంటు గట్టు కట్టించడం చిన్న మేస్త్రి పని. స్టార్టర్ బోర్డూ, ఇన్వర్టర్ బ్యాటరీ నడుం ఎత్తుకి మార్పించుకోవడం కూడా అంతే.

చాలామంది గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెట్టి ఊపిరి పీల్చుకుంటారు. ఈలోపు బాత్రూంలోంచి మురుగు పొంగుతుంది. బయట కాలువ నిండితే నీళ్లు వచ్చిన దారినే వెనక్కి తిరుగుతాయి. మందపాటి ప్లాస్టిక్ సంచిలో ఇసుక నింపి బాత్రూం తూము మీద, కమోడ్‌లో గట్టిగా కూర్చోబెట్టాలి. పల్లంలో ఉన్న ఇల్లయితే బయటికెళ్లే పైపుకి నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించండి. నీళ్లని బయటికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు.

ముందు కరెంటు, తర్వాతే నీళ్లు

పైపు పగిలి నీళ్లు చిమ్ముతుంటే గేట్ వాల్వ్ కట్టెయ్యాలి. కానీ నీళ్లు ప్లగ్గుల దగ్గరికో, మోటర్ దగ్గరికో చేరుతుంటే ముందు మెయిన్ ఆపాలి. అదీ మీరు పొడి నేల మీద నిలబడి ఉంటేనే. బోర్డు దగ్గరికి నీళ్లలో నడిచి వెళ్లాల్సి వస్తే వెళ్లొద్దు. 1912కి ఫోన్ చేసి లైన్ ఆపమనండి.

చాలామంది మర్చిపోయేది ఇన్వర్టర్. మెయిన్ ఆపగానే అది తనంతట తానే ఆన్ అవుతుంది. ఇంట్లో కరెంటు ఇంకా ఉన్నట్టే. దాన్నీ ఆపాలి. మీ బోర్డులో ఎంసీబీలు ఉన్నాయి కదా అని ధీమా వద్దు. అవి లోడు పెరిగితేనో, షార్ట్ అయితేనో పడతాయి. మనిషికి షాక్ కొడుతుంటే పడేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ యాంపుల రకం అడిగి పెట్టించుకోండి, దాని మీదున్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడండి.

సెల్లార్‌లోకి దిగొద్దు

ఊరొదిలి హైదరాబాద్‌లో ఉంటున్న మనకి సెల్లార్ మాటా చెప్పుకోవాలి. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోని లైబ్రరీలోకి వాన నీళ్లు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. మూడడుగుల వెడల్పు తలుపుకి అవతల రెండడుగుల నీళ్లుంటే చాలు, దాదాపు 170 కిలోల బరువుతో నెడతాయి. ఆ తలుపుని తోసి బయటికి రావడం ఒక్క మనిషి వల్ల కాదు.

కాబట్టి ర్యాంపు మీంచి నీళ్లు దిగుతుంటే బైకు కోసమో, కారు కోసమో వెళ్లకండి. లోపల చదువుకుంటున్నా, జిమ్‌లో ఉన్నా వెంటనే పైకి రండి. ఎవరైనా చిక్కుకుంటే 112కి ఫోన్ చెయ్యండి. నీళ్లు తోడేటప్పుడు డీజిల్ ఇంజన్ సెల్లార్ లోపల పెట్టొద్దు, దాని పొగ ప్రాణం తీస్తుంది. చుట్టూ నేల నాని ఉన్నప్పుడు ఒక్కసారిగా తోడేసినా ప్రమాదమే. బయటి నేల ఒత్తిడికి గోడ లోపలికి కూలొచ్చు. కొంచెం కొంచెంగా తోడాలి.

నీళ్లు తగ్గాక

కడగడం మొదలుపెట్టే ముందే ప్రతి గదినీ, తడిసిన ప్రతి వస్తువునీ ఫోన్‌లో ఫొటో తీయండి. 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే తరహా ఇంటి బీమాని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ ఇస్తున్నాయి. వరదతోపాటు నీళ్ల ట్యాంకు, పైపు పగలడం వల్ల జరిగే నష్టమూ అందులో ఉంటుంది. ఫోన్‌కి బీమా కట్టే మనం అమ్మానాన్న ఉండే ఇంటికి కట్టామా?

తడిసిన ఫ్రిజ్, మోటర్, మిక్సీ ఎలక్ట్రీషియన్ చూడకుండా ఆన్ చెయ్యొద్దు. సంపు పూర్తిగా తోడి, కడిగి, బ్లీచింగ్ చేయించేదాకా తాగే నీళ్లు మరిగించాల్సిందే. అల్మరాల కింద, బట్టల కుప్పల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. వరదతో పాములూ వస్తాయి.

ఈ ఆదివారం అరగంట

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. వాన రాకడ ఇప్పుడు వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ హెచ్చరికలతో కొంతవరకు ఫోన్‌లోనే తెలుస్తోంది. మిగిలింది మన చేతుల్లో పని.

ఈసారి ఊరెళ్లినప్పుడు గేట్ వాల్వ్‌కి ఎర్ర పెయింట్ వేసి, ఓసారి తిప్పి చూడండి. ఏళ్ల తరబడి కదపని వాల్వ్ అవసరానికి తిరగదు. బ్యాకప్ ఉందా అని కాదు, ఆ బ్యాకప్ పనిచేస్తోందా అని అడగమంటారు మా ఆఫీసులో. ఇక్కడా అంతే. మెయిన్, ఇన్వర్టర్ స్విచ్ పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో పేర్లు అంటించండి. ప్లంబర్, ఎలక్ట్రీషియన్ నంబర్లు, 1912, 112 ఓ అట్టమీద రాసి గోడకి తగిలించండి. తర్వాత అమ్మ చేత ఒకసారి, నాన్న చేత ఒకసారి ఆ వాల్వ్ కట్టించి, మెయిన్ ఆపించి చూడండి. మనం రైలెక్కి ఖమ్మం దాటేలోపు ఆ పని చెయ్యాల్సింది వాళ్లే మరి.