బొమ్మ రైలుకైనా సిగ్నల్ అబద్ధం చెప్పకూడదు

తెనాలి వైపు నుంచి వస్తుంటే, కృష్ణా కెనాల్ స్టేషన్ దాటగానే సామాన్లు దించుకుని గుమ్మం దగ్గర నిలబడతాం. బండేమో ఒక్కోసారి బ్రిడ్జి మీదే ఆగిపోతుంది. 'ఔటర్‌లో ఆపేశాడండీ' అని పక్కాయన విసుక్కుంటాడు. ముందున్న ఎర్ర దీపం చేసిన పని అది. ఇంట్లో బల్ల మీద రైలు మోడల్ కట్టుకునేవాళ్లు మొదట గుర్తుపెట్టుకోవాల్సిందీ అదే. సిగ్నల్ అలంకారం కాదు, డ్రైవరుకి చెప్పే మాట.

ముందు మీ బండి ఏ కాలానిదో తేల్చుకోండి. బొగ్గు ఇంజనైతే రెక్క సిగ్నల్ పెట్టండి. వాటిలో పాతరకం రెక్క కిందికి వాలితే దారిచ్చినట్టు, తర్వాతి రకం పైకి లేస్తే ఇచ్చినట్టు. రెండింటినీ ఒకేచోట కలపొద్దు. కరెంటు తీగల కింద డబ్ల్యూఏపీ-7 నడిపితే రంగు దీపాలే నప్పుతాయి.

జర్మనీ సిగ్నళ్లు ముచ్చటగా ఉంటాయి గానీ మన పద్ధతి కాదు. మనది బ్రిటిష్ వాళ్ల వరసకి దగ్గర. హోమ్ సిగ్నల్‌కి పైన ఆకుపచ్చ, మధ్యలో పసుపు, కింద ఎరుపు. దానికి ముందుండే డిస్టెంట్‌కి అసలు ఎరుపే ఉండదు. చాలామంది పొరపాటుపడేది ఇక్కడే. హోమ్ ఎర్రగా ఉంటే డిస్టెంట్ ఒక పసుపు, హోమ్ పసుపైతే రెండు పసుపులు చూపాలి. కృష్ణా కెనాల్‌లా దారి చీలే చోట సిగ్నల్ నెత్తిన తెల్ల దీపాల వరస కావాలి. గుడివాడ లైనులా చేల మధ్య గేటు పెడితే, గేట్ సిగ్నల్ స్తంభానికి పసుపు బిళ్ల మీద నల్ల 'జి' అక్షరం మరవొద్దు.

దూరాల సంగతి కొంచెం చూసీచూడనట్టు వదిలేయాలి. 1:87 హెచ్‌ఓ స్కేలులో కిలోమీటరంటే 11.5 మీటర్లు. అంత హాలు ఎవరికుంది? దూరం తగ్గించండి, వరస మాత్రం మార్చకండి. డిస్టెంట్, హోమ్, స్టార్టర్, అన్నీ పట్టాలకి ఎడమ పక్కన.

3 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ ఆ స్కేలులో 26 సెంటీమీటర్ల దీపం, అన్నం పళ్లెమంత! 2 మిల్లీమీటర్లది తీసుకోండి. 12 వోల్టుల సప్లై అయితే ఒక్కోదానికీ 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. లేకపోతే వెలిగించీ వెలిగించగానే మాడిపోతుంది.

అన్నీ కుదిరాక హోమ్‌కి ఎరుపు వేసి, బండిని బ్రిడ్జి మీద ఆపండి. చూస్తున్నవాళ్లు 'ఔటర్‌లో ఆపేశాడ్రా' అన్నారా, మీ బెజవాడ పాసైనట్టే.