మందుచల్లు యంత్రము – ఇంటి సంరక్షణ

చేజర్లకు పొరుగుననున్న పొదలకూరు నిమ్మకాయల బేరమునకు పేరుగన్న ఊరు. ఈ ప్రాంతమున తోటలు గల యిండ్లలో వీపున తగిలించుకొని మందు చల్లెడి పెట్రోలు యంత్రము, అనగా పవరు స్ప్రేయరు, పరిచితమైన వస్తువే. ఏడాదిలో కొన్ని దినములే దానితో పని. తక్కిన కాలమంతయు కొట్టములో నొక మూల నుండును. అది చెడునదియు ఆ మూలనే. మంచు కురియు దేశములలో వాకిటి మంచును చిమ్మెడి యంత్రమునకును ఇదే వ్యాధి. వేసవి యంతయు పడియుండి, తొలిమంచు నాడు మొరాయించును.

మా యంత్రము ఒక యేడు ఇట్లే మొండికెత్తినది. త్రాడు లాగి లాగి మా భుజములు నొచ్చినవి గాని అది పలుకలేదు. ఆకుతొలుచు పురుగు లేతచిగుళ్లను పాడుచేయుచుండగా రెండు దినములు వ్యర్థమైనవి. కారణమేమన, టాంకులో మేము విడిచిన పాత పెట్రోలు.

నిలువయున్న పెట్రోలులో తేలిక భాగము ఆవిరియై పోవును. మిగిలిన జిగురు కార్బ్యురేటరులోని సన్నని రంధ్రములను పూడ్చును. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు పాలు నూటికి 20కి చేరినది. ఇథనాలు తేమను పీల్చును గనుక నిలువ మరింత హాని. కావున పని ముగియగనే టాంకును ఖాళీచేసి, యంత్రము తనంత తానాగువరకు నడుపవలెను. చల్లారిన పిమ్మట ప్లగ్గు విప్పి, ఆ రంధ్రమున చెంచాడు ఇంజను నూనె పోసి, త్రాడును మెల్లగా రెండుమార్లు లాగి, ప్లగ్గును మరల బిగింపవలెను.

యంత్రము కదలనిచో ముందుగా ప్లగ్గును విప్పి చూడవలెను. తడిగానున్నచో పెట్రోలు అందుచున్నదని గ్రహించి, ప్లగ్గు మసిని తుడిచి, నిప్పురవ్వను పరీక్షింపవలెను. ఈ పరీక్ష పెట్రోలు ఆవిరికి దూరముగా చేయదగును. పొడిగానున్నచో పెట్రోలు దారిలోనే ఆగినది. వడపోత జల్లెడను, గొట్టమును, కార్బ్యురేటరును వరుసగా శుభ్రపరుపవలెను. గాలి వడపోత స్పాంజిని సబ్బునీట కడిగి, పూర్తిగా ఆరనిచ్చి అమర్చవలెను.

రెండు స్ట్రోకుల యంత్రమునకు పెట్రోలులో కలిపిన నూనెయే ఆధారము. కంపెనీవారి పుస్తకమున 25కు 1 పాలని యున్నచో, లీటరు పెట్రోలునకు 40 మిల్లీలీటర్ల నూనె కలుపవలెను. నూనె మరచినచో పిస్టను పట్టివేయును. ఆ మరమ్మతు ఇంట సాధ్యము కాదు, మెకానిక్కునకే అప్పగింపవలెను.

తుదిగా రెండు జాగ్రత్తలు. పొయ్యి దాపున పెట్రోలు ముట్టరాదు. మందుతొట్టిని ప్రతిసారి మూడుమార్లు కడుగవలెను గాని, ఆ నీటిని బావిలో గాని చెరువులో గాని కలియనీయరాదు.