కడప బండకు ఎన్ని పేర్లు? – వెబ్‌సైటులో ఏ మాట రాయాలి?

 

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చినవారు మనలో ఎప్పుడూ కొందరుంటారు. వారి ఇండ్లలో ఎవరో ఒకరు నాపరాతి గనిలోనో, పాలిష్ ఫ్యాక్టరీలోనో పని చేసినవారే. టైల్స్ వచ్చిన తర్వాత బండల వ్యాపారం ఎంత దెబ్బతిన్నదో వారికి చెప్పనక్కరలేదు. ఉన్న గిరాకీ అయినా నేరుగా ఫ్యాక్టరీకి చేరితే బాగుంటుందని కొందరు చిన్న యజమానులు వెబ్‌సైట్లు చేయించుకుంటున్నారు. చేయించుకున్న కొన్నాళ్లకు వారి నోట వచ్చే మాట ఒక్కటే: "డబ్బు ఖర్చయింది గానీ ఒక్క ఫోను రాలేదు."

సైటు అందంగానే ఉంటుంది. దేవుడి పటం, యజమాని ఫొటో, "మా సంస్థకు స్వాగతం" అన్న పెద్ద అక్షరాలు, అన్నీ ఉంటాయి. లేనిదల్లా కొనేవాడి మాట. పూణేలో ఇల్లు కట్టుకుంటున్న మనిషి గూగుల్ పెట్టెలో ఏ మాట టైపు చేస్తాడో ఆ మాట ఈ సైటులో ఎక్కడా కనపడదు. అలా టైపు చేసే మాటనే కీవర్డ్ అంటారు. ఆ మాటలను ముందుగా వెతికి పట్టుకునే పని కీవర్డ్ రీసెర్చ్. పేరు పెద్దదే గానీ, చెవులు పెట్టి వినడం వచ్చినవాడు సగం పని చేసినట్టే.

మన రాయినే తీసుకోండి. గని దగ్గర దీనిని నాపరాయి, నాపబండ అంటాం, లేదంటే వట్టి బండ అంటాం. భూగర్భ శాస్త్రం చదివినవారు నార్జి సున్నపురాయి అంటారు, కడప జిల్లాలోని నార్జి అనే ఊరి పేరు మీదుగా. హైదరాబాదులో తాపీమేస్త్రి షాబాద్ బండ, తాండూరు బండ అన్న వరసలోనే కడప బండ, బేతంచెర్ల బండ అంటాడు. తమిళనాడుకు పోతే కడప్పా కల్. ముంబై, పూణేలలో 'రాయి' అన్న మాట కూడా ఎగిరిపోయి వట్టి "కడప్పా" అయింది. అక్కడి వంటింటి గట్టుకు, సామాన్లు పెట్టుకునే అరలకు వేసే నల్లబండ పేరే కడప్పా. అది ఒక ఊరి పేరని తెలియకుండానే ఆ మాట వాడేవారు ఎందరో. ఇంగ్లండులో తోటల్లో దారులకు పరిచే బండగా అమ్మేటప్పుడు బ్లాక్ లైమ్‌స్టోన్ అంటారు. రాయి ఒక్కటే, కొనేవారి నోట పేర్లు మాత్రం అరడజను పైన. బేతంచెర్ల యజమాని తన సైటులో "నాప స్లాబ్స్" అని ఒక్క పేరు రాసి ఊరుకుంటే మిగతా పేర్లతో వెతికేవారికి అతను ఉన్నట్టే తెలియదు.

ఇక స్పెల్లింగుల సంగతి. ఇంగ్లీషువారి కాలం నుంచి సి, యు, డి, డి, ఎ, పి, ఎ, హెచ్ అని రాసేవారు. 2005లో కె, ఎ, డి, ఎ, పి, ఎ అని మార్చారు. జిల్లా పేరు 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప అయింది. అంతకు చాలా ముందే, 1872లో, జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ మన ప్రాంతపు రాళ్ల మీద పెద్ద గ్రంథం రాస్తూ కడపను 'కె'తో మొదలుపెట్టి 'హెచ్'తో ముగించాడు, కర్నూలును 'కె, ఎ, ఆర్, ఎన్, యు, ఎల్' అన్నాడు. మరాఠీ, తమిళం మాట్లాడేవారు 'పి'ని రెండుసార్లు రాస్తారు, వారి నోట అలాగే పలుకుతుంది గనుక. ఈ తేడాలను ఇప్పటి గూగుల్ చాలావరకు తనే సర్దుకుంటుంది కాబట్టి ఒక్కో స్పెల్లింగుకు ఒక్కో పేజీ తయారు చేయనక్కరలేదు. అయినా స్పెల్లింగును చూసి మనిషిని కొంత గుర్తుపట్టవచ్చు. పాత 'సి' స్పెల్లింగు భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఈనాటికీ అలాగే ఉంది. దానితో వెతికేవారిలో పరీక్షకు చదువుకుంటున్న విద్యార్థులు ఉంటారు. రెండు 'పి'లతో రాసి పక్కన 'కిచెన్' అని చేర్చినవాడు వంటిల్లు కట్టుకుంటున్నవాడు. మనకు కావలసింది ఈ రెండోవాడు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. కుంభకోణం వైపు ఇడ్లీలోకి బంగాళాదుంప, పెసరపప్పు వేసి ఒక కూర చేస్తారు. దాని పేరు కూడా కడప్పాయే! వట్టి కడప్పా అని వెతికేవారిలో రాయి కావలసినవారూ ఉంటారు, కూర వండుకునేవారూ ఉంటారు. మన భాషలో 'కడప' అని వెతికితే బస్సుల వేళలు, వార్తలు, ఎండ ఎంత ఉందో వస్తాయి. అందుకే ఒక్క మాట మీద ఎప్పుడూ ఆశ పెట్టుకోరాదు. "కడప్పా స్టోన్ చదరపు అడుగు ధర", "వంటగట్టుకు కడప్పా ఎంత మందం ఉండాలి", "కడప్పా మంచిదా గ్రానైట్ మంచిదా" – ఇలాంటి పొడుగు మాటలు వెతికేవారు తక్కువమందే. కానీ వారి చేతిలో డబ్బు, మనసులో అవసరం రెండూ ఉంటాయి. పైగా పొట్టి మాటల దగ్గర మొదటి పేజీ అంతా పెద్ద పెద్ద వ్యాపార డైరెక్టరీలతో నిండిపోయి ఉంటుంది. ఒక చిన్న ఫ్యాక్టరీ అక్కడ వాటితో తలపడి గెలవడం కష్టం. పొడుగు మాటల దగ్గర సందు దొరుకుతుంది.

సరే, ఈ మాటలు ఎక్కడ దొరుకుతాయి? కంప్యూటరు ముందు కూర్చోవడానికి ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని ఫ్యాక్టరీ గుమాస్తా దగ్గర కూర్చోండి. పాత బిల్లులు, వాట్సాప్‌లో వచ్చిన మెసేజీలు చూడండి. ఫోను చేసినవారు రాయిని ఏమని పిలిచారు, మొట్టమొదట ఏమి అడిగారు, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, మీ మాటల్లోకి మార్చకండి. లారీ డ్రైవర్లను అడగండి. వారు సరుకు దించిన ప్రతి ఊళ్లో రాయి పేరు విని వచ్చినవారే. నా అభిప్రాయంలో ఈ నోట్‌బుక్కే అన్నిటికన్నా విలువైనది, కంప్యూటరు చూపించే అంకెలన్నీ దీని తర్వాతే. కడపలో పనిచేసిన బ్రౌన్ దొర 1854లో ఒక నిఘంటువు అచ్చు వేయించాడు. తెలుగులో కలిసిపోయి వాడుకలో ఉన్న అన్యభాషా పదాలను అందులో చేర్చాడు. వాడుకలో ఉన్న మాటను ఉన్నట్టు పట్టుకోవడం ఈ జిల్లాకు కొత్త విద్య కాదు!

తర్వాత గూగుల్ పెట్టెలో ఆ మాటలను సగం సగం టైపు చేసి చూడండి. మిగతా సగం అదే చూపిస్తుంది. అవి జనం నిజంగా వెతికిన మాటల నుంచి వచ్చినవే. పేజీ అడుగున సంబంధించిన వెతుకులాటలు, మధ్యలో జనం అడిగే ప్రశ్నలు కూడా ఉంటాయి. వాటినీ రాసుకోండి.

గూగుల్ వారి కీవర్డ్ ప్లానర్ ఉచితమే, వారి ప్రకటనల ఖాతా తెరవాలి. ఒక మాటను నెలకు సుమారు ఎంతమంది వెతుకుతున్నారో అది చెబుతుంది. ప్రకటనలకు డబ్బు పెట్టనివారికి కచ్చితమైన అంకె ఇవ్వదు, 100 నుంచి 1000 వరకు, 1000 నుంచి 10 వేల వరకు అన్నట్టు ఉజ్జాయింపుగా చూపిస్తుంది. మనవాళ్లు ఇక్కడ తరచుగా చేసే పని, ప్రాంతం దగ్గర కర్నూలు అని పెట్టడం. కర్నూలులో కడప బండ కావలసినవాడు గూగుల్లో ఎందుకు వెతుకుతాడు? బండెక్కి బేతంచెర్ల పోతాడు! కొనేవాడు ఎక్కడ ఉన్నాడో ఆ ఊరు పెట్టాలి: హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, పూణే. ఇంకొక సంగతి. ప్లానర్ దగ్గరి దగ్గరి స్పెల్లింగులను ఒకే పద్దులో కలిపేస్తుంది. ఏ స్పెల్లింగు ఏ రాష్ట్రంలో ఎక్కువో పోల్చాలంటే గూగుల్ ట్రెండ్స్ చూడాలి. అందులో కనిపించే 0 నుంచి 100 వరకు అంకెలు మనుషుల లెక్క కాదు, గిరాకీ ఎక్కువ తక్కువల పోలిక మాత్రమే. ఒక మాట దగ్గర సున్నా కనిపిస్తే దాన్ని కొట్టేయకండి. మీ నోట్‌బుక్‌లో ఆ మాట మూడుసార్లు ఉంటే దానినే నమ్మండి.

రవాణా ఖర్చు మరువరాదు. రాయి బరువు సరుకు. ఇంగ్లండు నుంచి ఒకాయన పది చదరపు అడుగులు అడిగితే మనకు ఒరిగేదేమీ లేదు. లారీ కిరాయి పోను ఎంత దూరం వరకు గిట్టుబాటు అవుతుందో యజమానికి తెలుసు. ఆ లోపల ఉన్న ఊళ్ల మాటలే ముందు ఏరుకోవాలి.

ఏరిన మాటలను ఎక్కడ పెట్టాలి? పేజీ శీర్షికలో మొదట. చాలా సైట్లలో శీర్షిక దగ్గర "హోమ్" అని ఉంటుంది. దానికి బదులు రాయి పేరు, వాడకం, ఊరు రాయాలి. వంటగట్టుకు ఒక పేజీ, నేల పరుపుకు ఒకటి, అరలకు ఒకటి ఉండాలి. ఫొటో కింద ఏ రాయో, ఎంత మందమో రాయాలి. ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పే పేజీ ఒకటి తప్పనిసరి. "నిమ్మరసం పడితే మరక పడుతుందా?" అని అడిగితే పడుతుందనే రాయాలి. సున్నపురాయి పులుపుకు తట్టుకోదు, వెంటనే తుడవాలి. ఇలా ఉన్నమాట చెప్పినవాడి దగ్గరే కొనాలనిపిస్తుంది. ఒకే మాటను యాభైసార్లు రాయడం, తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో దాచిపెట్టడం వంటివి చేస్తే గూగుల్ ఆ సైటును వెనక్కి నెడుతుంది. పేజీ లోపల కంటికి కనపడకుండా కీవర్డుల జాబితా పెట్టే పాత పద్ధతి కొన్ని నోట్సుల్లో ఉంటుంది. దానిని తాము లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ వారు 2009లోనే ప్రకటించారు. దానికోసం ఎవరైనా విడిగా డబ్బు అడిగితే ఇవ్వకండి.

చిరునామా విషయంలో ఒక జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4 నుంచి బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె నంద్యాల జిల్లాలో ఉన్నాయి. పాత కార్డులు, పాత సైట్లు కర్నూలు జిల్లా అనే చూపుతుంటాయి. గూగుల్ మ్యాపులో కనిపించే బిజినెస్ ప్రొఫైల్, ఇది కూడా ఉచితమే, దానిలోనూ సైటులోనూ పేరు, చిరునామా, ఫోను నంబరు ఒకేలా ఉండాలి.

ఇదంతా బండలకే కాదు. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ మనం బంగినపల్లి అంటాం, కొందరు బేనిషాన్ అంటారు, ఉత్తరాది మార్కెట్లలో అదే పండు సఫేదా. తోట యజమాని సైటు పెట్టినా ఇదే లెక్క.

సైటు మొదలైన రోజే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో నమోదు చేయించండి. ఏ మాటకు మన సైటు ఎన్నిసార్లు కనిపించింది, ఎన్నిసార్లు నొక్కారు, ఎన్నో స్థానంలో ఉంది, అన్నీ అందులో తెలుస్తాయి. మూడు నాలుగు నెలలు ఆగి చూడండి. చాలాసార్లు కనిపించి ఎవరూ నొక్కని మాట ఉంటే శీర్షిక మార్చాలి. మనం ఊహించని మాట ఏదైనా అందులో కనిపిస్తే దానికి కొత్త పేజీ రాయాలి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి ఫ్యాక్టరీలో ఎవరి సైటు అయినా ఉంటే మొదట ఒక పని చేయండి: ఫోనులో సైటు పేరు కొట్టకుండా, పూణే మనిషి లాగా రాయి పేరుతో వెతకండి. ఎన్నో పేజీలో వస్తుందో యజమానికి చూపించండి.