కత్తెరముక్కు పక్షి: ఆనవాళ్లు, ఉనికిపట్టు

శీతకాలమున కాకినాడ సమీపమున పడవలో పోవువారికి, ఆటు వేళ బయటపడిన బురద మేటలపై వందలకొలది పక్షులు బారులు తీరి కూర్చుండుట కనబడును. చూచువారు వానినన్నిటిని కలిపి 'సముద్రపు పిట్టలు' అని ఒక్క మాటతో చెప్పి ఊరకుందురు. కాని ఆ గుంపులలో, ప్రపంచమున బహు స్వల్పసంఖ్యలో మిగిలియున్న ఒక పక్షి కూడ ఉండవచ్చును. ఆంగ్లమున దీనికి ఇండియన్ స్కిమ్మర్ అని పేరు. ముక్కు కత్తెరను పోలియుండుటచే ఈ వ్యాసమున దీనిని మేము కత్తెరముక్కు అని వ్యవహరించుచున్నాము. తీరగ్రామముల పంచాయతీ సభ్యులు దీనిని గుర్తించుట యెట్లు, ఇది ఎచ్చట నివసించును, దీని మనుగడకు మనమేమి చేయగలము అను విషయములను ఇచ్చట వివరింతుము.

ఆనవాళ్లు

ఈ పక్షి పొడవు సుమారు 40 సెంటీమీటర్లు. రెక్కలు చాచినచో మీటరుకు పైగా నుండును. నడినెత్తి, వీపు, రెక్కల పైభాగము నల్లగాను, మెడ, రొమ్ము, పొట్ట తెల్లగాను ఉండును. కాళ్లు ఎర్రనివి, పొట్టివి. ముక్కు నారింజవన్నెతో మెరయుచు, కొనయందు పసుపుపచ్చగా నుండును. అన్నిటికంటె ముఖ్యమైన గుర్తు ఒకటి గలదు. ముక్కు క్రింది భాగము పైభాగముకంటె పొడవైనది. మన తీరమున మరి యే పక్షికిని ఇట్టి ముక్కు లేదు.

అయినను పొరబడుటకు అవకాశము కలదు. కాస్పియన్ టర్న్ అను పక్షికి ఎర్రని పెద్ద ముక్కు ఉండును. కాని దాని వీపు లేత బూడిదవన్నెది, ముక్కు రెండు భాగములు సమానములు. ఆయిస్టర్ క్యాచర్ అను పక్షి నలుపు తెలుపులతో, పొడవైన ఎర్రని ముక్కుతో నుండును. కాని అది బురదపై నడచుచు, ముక్కుతో పొడిచి గుల్లపురుగులను తినును. కత్తెరముక్కు అట్లు చేయదు.

ఆహారము సంపాదించు విధము

కత్తెరముక్కు నీటిని ఆనుకొని యెగురుచు, నోరు తెరచి, ముక్కు క్రింది భాగమును నీటిలో ముంచి, నాగలి చాలు దున్నినట్లు సాగిపోవును. చేప ముక్కునకు తగిలిన తక్షణమే పైభాగము మూసికొనును. చూపుకంటె స్పర్శచే వేటాడునది గనుక వేకువను, సంధ్యవేళను, రాత్రివేళను సైతము ఆహారము సంపాదింపగలదు. పగటివేళ ఎక్కువ భాగము మేటలపై విశ్రమించును.

ఇది జాలరుల కడుపు కొట్టునా యని కొందరు అడుగవచ్చును. ఇది లోతునకు మునిగి వేటాడు పక్షి కాదు. నీటి పైపొరలో తిరుగు చిన్న చేపలే దీని ముఖ్యాహారము. కావున దీనిని చూచి జాలరి సోదరులు కలతపడ నక్కరలేదు.

ఉనికిపట్టు

ఈ పక్షి మన సముద్రతీరమున గ్రుడ్లు పెట్టుటకు రాదు. వేసవిలో చంబల్, మహానది వంటి పెద్ద నదుల నడుమ నుండు ఇసుక తిన్నెలపై, ఇసుకలో చిన్న గుంట చేసి, అందు గ్రుడ్లు పెట్టును. వర్షములకు నదులు నిండి తిన్నెలు మునిగిపోవును. పిమ్మట పిల్లలతో కూడి, నదీముఖములకును సముద్రతీరములకును తరలును. గోదావరి సముద్రమున కలియుచోట కోరింగ మడ అడవులు, హోప్ ఐలండ్, వానిచెంతనున్న బురద మేటలు దీనికి శీతకాలపు విడిది. కోరింగ ప్రాంతమును 1978లో వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి.

ఒకప్పుడు ఈ పక్షి మెకాంగ్ నదీతీరములందును ఉండెడిది, నేడచ్చట కానరాదు. ఎదిగిన పక్షులు ప్రపంచమంతటను 3,000 కంటె తక్కువయే యని అంచనా. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని ఆపదలోనున్న జాతులలో చేర్చినది. ఆనకట్టలవలన నదిలో నీరు తగ్గినప్పుడు తిన్నెలు గట్టుతో కలిసిపోవును. అప్పుడు కుక్కలు, పశువులు గూళ్లను చేరి నాశనము చేయును. అచ్చట ప్రాణాలతో బయటపడిన పిల్లలకు ఇచ్చట మన మేటలే ఆశ్రయము.

పంచాయతీలు చేయదగినది

బురద మేట చూపునకు పనికిరాని బంజరువలె తోచును. చెట్టు చేమ లేని ఆ బయలే ఈ పక్షికి రక్ష. శత్రువు దూరమునుండియే కనబడును. పోటు వచ్చినకొలది నిలుచు చోటు తగ్గును. అట్టి సమయమున కుక్కలు తరిమినను, విహారపు పడవలు పైకి వచ్చినను, గుంపంతయు లేచి వృథాగా అలసిపోవును. కావున మేటలపై చెత్తను, చినిగిన వలలను పారవేయనీయరాదు. ఊరకుక్కల బెడదను అదుపులో నుంచవలెను. పీతలు, గుల్లలు ఏరుకొనువారి పనికి ఆటంకము కలిగింప నక్కరలేదు. పక్షుల గుంపును కొంచెము చుట్టి పొమ్మని చెప్పిన చాలును.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి పంచాయతీయందును జీవవైవిధ్య యాజమాన్య కమిటీ యుండవలెను. ఈ పక్షి కనబడిన తేదీని, చోటును, సంఖ్యను ఆ కమిటీ తన రిజిస్టరులో వ్రాయించుట మంచిది. కొన్ని పక్షుల కాళ్లకు శాస్త్రజ్ఞులు అక్షరములు గల ఉంగరములు తొడిగియున్నారు. అట్టివి కనబడినచో ఆ అక్షరములను వ్రాసికొని అటవీశాఖవారికి తెలుపవలెను. ఆ పక్షి ఏ నదిపై పుట్టినదో దానివలన తెలియవచ్చును.

ఎక్కడో దూరపు నదిలో పుట్టి మన వాకిటికి వచ్చు ఈ అతిథిని గుర్తించుట మొదటి మెట్టు. పేరు తెలియని దానిని కాపాడుట ఎవరికిని సాధ్యము కాదు. ఈ శీతకాలమున పంచాయతీ సభ్యులు పాఠశాల బాలబాలికలను వెంటనిడుకొని, దూరమునుండి ఆ మేటలను ఒక్కసారి చూచి రావలెనని మా మనవి.