వేరు మిత్రుణ్ణి ఎలా గుర్తుపడుతుంది?

పెసర మొక్కనొకదాన్ని వేళ్ళు తెగకుండా పెకలించి, మన్ను కడిగి చూడండి. వేళ్ళకు ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో రైజోబియం జాతి బాక్టీరియాలు కాపురముంటాయి. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే అయినా మొక్క దానిని నేరుగా వాడుకోలేదు. ఈ బాక్టీరియాలు దానిని అమ్మోనియాగా మార్చి ఇస్తాయి. ప్రతిఫలంగా మొక్క వాటికి ఆహారం పెడుతుంది. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైజరింక్ వీటిని బుడిపెల నుండి వేరుచేశాడు.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. చిటికెడు మన్నులోనే కోట్ల సూక్ష్మజీవులుంటాయి. వేరును కుళ్ళబెట్టే బూజులూ వాటిలో ఉన్నాయి. శత్రువుకు తలుపు తీస్తే మొక్క ప్రాణానికే ముప్పు. మిత్రుడికి తలుపు మూస్తే, చవిటి నేలలో నత్రజని చాలక ఆకులు పాలిపోతాయి. కన్నూ చెవీ లేని మొక్క వీరిని ఎలా పోల్చుకుంటుంది?

రసాయనాల ద్వారా! మొదట వేరు ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలను మన్నులోకి వదులుతుంది. తగిన రైజోబియం వాటిని పసికట్టి, జవాబుగా మరో పదార్థాన్ని పంపుతుంది. దాని పేరు నాడ్ ఫాక్టర్.

విచిత్రం వినండి. బూజుల కణకవచంలోనూ, పీత డొప్పలోనూ ఉండే పదార్థం కైటిన్. నాడ్ ఫాక్టర్ కూడా కైటిన్ గొలుసే! అయితే దానికి నాలుగైదు లంకెలే ఉంటాయి. చివర ఒక కొవ్వు తోక ఉంటుంది. తోక లేని ఎనిమిది లంకెల గొలుసు తగిలితే మొక్క 'బూజు వచ్చింది' అని ఆత్మరక్షణకు దిగుతుంది. తోక ఉన్న పొట్టి గొలుసు తగిలితే మూలకేశం వంకీ తిరిగి, బాక్టీరియాను లోపలికి రానిస్తుంది.

ఈ తేడాను కనిపెట్టేవి కణత్వచం మీది గ్రాహకాలనే ప్రోటీనులు. లోటస్ జపానికస్ అనే చిన్న మొక్కలో నాడ్ ఫాక్టర్ గ్రాహకాలను 2003లో కనుగొన్నారు. మిత్రుణ్ణీ శత్రువునూ గుర్తించే గ్రాహకాలు రెండూ ఒకే కుటుంబానివి. వాటిలోని రెండు చిన్న భాగాలే ఈ తేడాను నిర్ణయిస్తాయని 2020లో డెన్మార్కులోని ఆర్హస్ శాస్త్రజ్ఞులు చూపారు.

లోపలికి వచ్చాక బాక్టీరియా పని చేయకపోతే? 2003లో కాలిఫోర్నియాలో ఈ పరీక్షే చేశారు. సోయా చిక్కుడు బుడిపెల చుట్టూ నత్రజని దాదాపు లేకుండా ఆర్గాన్, ఆక్సిజన్ నింపారు. ఇక బాక్టీరియాలు అమ్మోనియా ఇవ్వలేవు. మొక్క ఆ బుడిపెలకు ఆక్సిజన్ తగ్గించింది; బాక్టీరియాల వృద్ధి మందగించింది. తిని కూర్చునేవారికి అక్కడ చోటు లేదన్నమాట!

నాడ్ ఫాక్టర్ రూపం బాక్టీరియాను బట్టి మారుతుంది. అన్ని రైజోబియాలూ అన్ని పైర్లకూ పనికిరాకపోవడానికి ఇదొక కారణం. అందుకే రైతులు ఆయా పైరుకు తగిన రైజోబియం పొడినే బెల్లపు నీటితో విత్తనాలకు పట్టించి విత్తుతారు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. పూతకు వచ్చిన పెసర మొక్కను, చేను గలవారిని అడిగి తీసుకోండి. బుడిపెను బ్లేడుతో జాగ్రత్తగా కోయండి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని తయారీ సాగుతున్నట్లే. ఆ రంగు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్‌ది. ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో ఉంటే ఆ బుడిపె ముసలిదైంది. పది బుడిపెలు కోసి, ఎన్ని గులాబీ రంగులో ఉన్నాయో మీ నోటు పుస్తకంలో రాసుకోండి.