పెనాల్టీకి ముందు 40 మీటర్లు

పెనాల్టీ స్పాట్ నుంచి గోల్‌కి దూరం 11 మీటర్లు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. గట్టిగా తన్నిన బంతి గీత దాటడానికి అర సెకను చాలు. లెక్కప్రకారం తన్నేవాడిదే పైచేయి. ప్రాక్టీసులో నవ్వుతూ ఈ కిక్ కొట్టే పిల్లలే ఫైనల్లో తడబడతారు. ఆ తడబాటు ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే బంతి దగ్గర కాదు, అంతకు ముందు వెతకాలి. మైదానం మధ్యలో జట్టును వదిలి, అందరూ చూస్తుండగా పెనాల్టీ స్పాట్ దాకా ఒక్కడే నడవాల్సిన దూరం దాదాపు 40 మీటర్లు.

2021 జులై 11న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో యూరో కప్ ఫైనల్ 1-1తో పెనాల్టీ షూటౌట్‌కి వెళ్ళింది. ఇటలీ చేతిలో ఇంగ్లండ్ 3-2 తేడాతో ఓడింది. గోల్ చేయలేకపోయిన ముగ్గురు ఇంగ్లండ్ కుర్రాళ్ళ వయసులు 23, 21, 19. మార్కస్ రాష్‌ఫర్డ్, జేడన్ సాంచో అదనపు సమయం చివరి నిమిషాల్లో, పెనాల్టీల కోసమే మైదానంలోకి వచ్చారు. ఒంటికి చెమట పట్టకముందే కప్పు భారం వాళ్ళ కాళ్ళ మీద పడింది. చివరి కిక్ 19 ఏళ్ళ బుకాయో సాకాది. దాన్ని ఇటలీ గోల్‌కీపర్ డోనరుమ్మా ఆపేశాడు. ఆ రాత్రి సామాజిక మాధ్యమాల్లో ఆ ముగ్గురి మీద జాతివివక్షతో నిండిన తిట్లు కురిశాయి. పిల్లలు భయపడేది ఓటమికేనని మనం అనుకుంటాం. ఓటమి తర్వాత ఎదురయ్యే ముఖాలకు అంతకంటే ఎక్కువ భయపడతారు.

ఓస్లోలోని నార్వే క్రీడాశాస్త్రాల విశ్వవిద్యాలయంలో గేయిర్ యోర్డెట్ అనే మనస్తత్వ పరిశోధకుడు పెద్ద టోర్నీల షూటౌట్ల వీడియోలు ముందేసుకుని ఒక్కో కిక్కునూ లెక్కగట్టారు. కొడితే జట్టు అక్కడికక్కడే గెలుస్తుందన్న కిక్కుల్లో దాదాపు 92 శాతం గోల్ అయ్యాయి. తప్పితే జట్టు అక్కడికక్కడే ఓడుతుందన్న కిక్కుల్లో మాత్రం 62 శాతమే గోల్ అయ్యాయి. బంతి అదే, దూరం అదే, ఆడేవాళ్ళూ అదే స్థాయివాళ్ళు. ఓటమి అంచున కొట్టే కిక్కుల్లో ఇంకో విషయం కూడా ఆయన కంటపడింది. ఆటగాళ్ళు గోల్‌కీపర్ వైపు చూడకుండా వీపు తిప్పేస్తారు, రెఫరీ విజిల్ వినపడీ వినపడకముందే పరుగందుకుంటారు. ఈ గండం ఎప్పుడు గట్టెక్కుతుందా అన్న తొందర అది.

ఆ 40 మీటర్ల నడకలో ఒంట్లో ఏం జరుగుతుందో పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది. జీర్ణక్రియకు వెళ్ళే రక్తం తగ్గి కండరాలకు మళ్ళుతుంది కాబట్టి కడుపులో తిప్పుతుంది, నోరు పిడచకట్టుకుపోతుంది. ఇదంతా శరీరం పరుగుకు సిద్ధమవుతున్న తీరు. ఈ సంగతి తెలియని పద్నాలుగేళ్ళ పిల్ల గుండె దడ వినగానే 'నాకేదో అవుతోంది, నావల్ల కాదు' అనుకుంటుంది. పైగా ఆవేశాన్ని అదుపుచేసే మెదడు ముందుభాగం పూర్తిగా పక్వానికి వచ్చేసరికి ఇరవై అయిదేళ్ళు దగ్గరపడతాయి. తోటివాళ్ళు చూస్తున్నారన్న స్పృహ మాత్రం ఆ వయసులోనే అన్నిటికంటే పదునుగా ఉంటుంది.

హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. పదిమందిలో పాడబోయేవాళ్ళని, మాట్లాడబోయేవాళ్ళని 'నాకు హుషారుగా ఉంది' అని పైకి అనమన్నారు. ప్రశాంతంగా ఉన్నామని చెప్పుకున్నవాళ్ళ కంటే వీళ్ళు మెరుగ్గా చేశారు. దడదడలాడే గుండెను బలవంతంగా నిదానించమనడం కష్టం. ఆ దడని ఉత్సాహంగా చెప్పుకోవడం దానికంటే తేలిక.

దడ కంటే పెద్ద చిక్కు దృష్టితో వస్తుంది. బాగా అలవాటైన పనిని మెదడు చూసుకోకుండానే చేసుకుపోతుంది. రోజూ దిగే మెట్లనే ఒక్కో అడుగూ ఎలా వేస్తున్నామో గమనిస్తూ దిగితే కాలు తడబడుతుంది. పరిశోధకురాలు సియాన్ బైలాక్, ఆమె సహచరులు 2002లో ఫుట్‌బాల్ ఆటగాళ్ళను బంతి నడిపిస్తూ, పాదంలో ఏ వైపు బంతికి తగులుతోందో గమనించి చెప్పమన్నారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకు దాంతో మేలు జరిగింది. ఆరితేరినవాళ్ళు తమకు వాటమైన కాలితోనే నెమ్మదించిపోయారు. అందుకే ఫైనల్‌కి ముందు గంటలో 'మడమ ఇలా పెట్టు, తుంటి అలా తిప్పు' అని కొత్త పాఠాలు మొదలుపెట్టే కోచ్ తెలియకుండానే చేటు చేస్తున్నాడు.

కంటి సంగతీ అంతే. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో మార్క్ విల్సన్ బృందం చూపును నమోదుచేసే కళ్ళద్దాలు తగిలించి ఆటగాళ్ళతో పెనాల్టీలు కొట్టించింది. ఆందోళన పెరిగినప్పుడు వాళ్ళ చూపు గోల్‌కీపర్ మీదికి త్వరగా వెళ్ళి అక్కడే ఎక్కువసేపు నిలబడింది. బంతీ అతనికి దగ్గరగానే వెళ్ళింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రియే విశ్వవిద్యాలయంలో జరిగిన ఇంకో ప్రయోగంలో 'గోల్‌కీపర్‌కి అందేలా మాత్రం కొట్టకండి' అని చెప్పి చూశారు. ఆ మాట విన్నాక కళ్ళు గోల్‌కీపర్‌నే మరింతగా వెతికాయి.

ఇది చదివాక బయటి గీత దగ్గర నిలబడి మనం అరిచే అరుపులు గుర్తుచేసుకోండి. 'టెన్షన్ పడకు', 'పైకి కొట్టకు', 'మిస్ చేయకు'. ప్రేమతోనే అంటాం. కానీ వద్దన్న ప్రతి మాటా ఆ వద్దన్నదాన్నే పిల్లల మనసులోకి తెచ్చి కూర్చోబెడుతుంది. కంటికి, ఊపిరికి చేయడానికి ఒక పని చెప్పండి. బంతి పెట్టాక గోల్‌లో ఒక మూల ఎంచుకోవాలి, ఆ మూలని స్థిమితంగా చూడాలి. మనసు మార్చుకోకూడదు. విజిల్ విన్నాక ఒక నిండు శ్వాస తీసుకుని, తీసుకున్నదానికంటే నిదానంగా వదలాలి. నిదానంగా వదిలే ఊపిరి వేగస్ నాడి ద్వారా గుండె వేగాన్ని కాస్త తగ్గిస్తుంది. తర్వాత చూపు బంతి మీదికి. పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలో ఆటగాడే నిర్ణయించుకుంటాడు, విజిల్ కాదు.

ఇవన్నీ మ్యాచ్ రోజున నేర్పేవి కావు. ఒకే చోట నిలబడి వరసగా ఇరవై పెనాల్టీలు కొట్టడం కాలికి ప్రాక్టీసు, మనసుకు కాదు. శిక్షణ ముగిసి కాళ్ళు లాగుతున్నప్పుడు, జట్టంతా మధ్యగీత మీద నిలబడి చూస్తుండగా, ఒక్కొక్కరు ఆ 40 మీటర్లూ నడిచి వచ్చి ఒకే ఒక్క కిక్ కొట్టాలి. రెండో అవకాశం ఇవ్వకూడదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోనే పరిశోధకుడు రౌల్ ఔడెయాన్స్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళతో, పోలీసుల తుపాకీ శిక్షణలో ఇదే చూపించారు. కొద్దిపాటి ఆందోళనలో సాధన చేసినవాళ్ళు అసలు ఒత్తిడిలో గురిని నిలబెట్టుకోగలిగారు.

ఈ శాస్త్రం పేరు వినకముందే హైదరాబాద్‌లో ఒక బడిపంతులు దీని సారం పట్టుకున్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం వాటంలేని కాలితోనే ఆడాలి, డ్రిబ్లింగ్ చేయకూడదు వంటి షరతులతో పోటీలు పెట్టేవారు. ఇబ్బంది మ్యాచ్‌లో మొదటిసారి ఎదురవకూడదన్నది అందులోని కిటుకని నాకు అనిపిస్తుంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోని భారత జట్టు మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఫైనల్లో మళ్ళీ అదే జట్టు ఎదురైంది. స్టేడియం మొత్తం భారత్‌కి వ్యతిరేకంగా హోరెత్తుతోంది. తలకి కుట్లతోనే దిగిన జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టాడు, పీకే బెనర్జీ ఇంకొకటి. 2-1తో స్వర్ణం మనదైంది.

ఇంగ్లండ్ కూడా దెబ్బతిని నేర్చుకుంది. 1996 యూరో సెమీఫైనల్లో పెనాల్టీ పోగొట్టుకున్న గారెత్ సౌత్‌గేటే తర్వాత కోచ్ అయ్యాడు. షూటౌట్‌ని అదృష్టానికి వదిలేయడానికి ఒప్పుకోలేదు. 2024 జులై 6న డ్యూసెల్‌డార్ఫ్‌లో స్విట్జర్లాండ్‌తో క్వార్టర్‌ఫైనల్ మళ్ళీ షూటౌట్‌కి చేరింది. గోల్‌కీపర్ జోర్డన్ పిక్‌ఫర్డ్ నీళ్ళ సీసాకి ఒక కాగితం చుట్టి ఉంది. స్విస్ ఆటగాళ్ళలో ఎవరు కొడితే ఎటు దూకాలో దాని మీద రాసుంది. దడ పుట్టినప్పుడు జ్ఞాపకశక్తిని నమ్ముకోనక్కర లేకుండా చేసుకున్న ఏర్పాటది. స్విస్ తరఫున మొదటి కిక్ కొట్టిన అకాంజీకి ఎడమకు దూకమని ఉంది. పిక్‌ఫర్డ్ దూకాడు, ఆపాడు. ఇంగ్లండ్ వైపు అయిదుగురూ గోల్ చేశారు. మూడో కిక్ సాకాది.

మన ఊళ్ళలో పన్నెండేళ్ళలోపు పిల్లలకు నేర్పించేవాళ్ళకు నాదొక విన్నపం. పెనాల్టీలన్నీ బాగా ఆడే ఇద్దరికే వదిలేయకండి, అందరితో వంతులవారీగా కొట్టించండి. కిక్ పోయినవాడికి ఎదురెళ్ళి భుజం మీద చెయ్యేసి వెనక్కి తీసుకొచ్చే పని జట్టులో ఒకరికి ముందే అప్పగించండి, దాన్నీ ప్రాక్టీసు చేయించండి. తప్పు ఎక్కడ జరిగిందో మాట్లాడుకోవడానికి మర్నాటి శిక్షణ ఉంది.